ఆమె పేరు చెప్పని గుట్ట

మొన్న ఒక కుర్ర ఇంజనీరు మా ఇంటికి వచ్చాడు. గుట్టల మీద నీళ్ళ ట్యాంకు కట్టే పనట. అరుగు మీద గుట్టల దారులు గీసిన పాత నక్ష ఒకటి పరిచి, గాలికి లేవకుండా నా దగ్గుమందు సీసానే ఒక మూల బరువు పెట్టి, "తాతా, గద్దల గుట్టకు ఎటు నుంచి ఎక్కితే సులువు?" అని అడిగాడు. అతను వేలు పెట్టిన చోటు చూశాను.

"అది గద్దల గుట్ట కాదు. అది మల్లన్న గుట్ట. పక్కనున్నది గద్దల గుట్ట."

"సర్కారు నక్ష తాతా ఇది. తప్పుండదు," అని నవ్వాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట నా ఇంట్లో అనొద్దని, కాగితం మడుచుకుని లేచి పొమ్మని గద్దించాను. పాపం, ఆ పిల్లవాడి తప్పేముంది. కోడలు వచ్చి అతనికి చాయ్ ఇచ్చి సర్దిచెప్పి పంపింది. సరిగ్గా అదే మాట ఒకప్పుడు నేను ఒక మనిషితో అన్నాను. ఆ మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గురించి నేనెవరికీ చెప్పలేదు.

ఆమె పేరు నాకు తెలియదు. దవాఖాన రిజిస్టరులో రాసే ఉంటాను గానీ గుర్తు లేదు. ఆర్మూరు పసుపు బజారులో అందరూ గుట్టామె అనేవాళ్ళు. నేను అక్కా అనేవాణ్ణి. అప్పుడు నేను ఆర్మూరు దవాఖానలో కొత్తగా చేరిన కంపౌండరును, మీసాలు సరిగా రాని వయసు. ఆమె నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. పసుపు బండ్లు దిగే ఎండాకాలమంతా ఆమె గుట్ట దిగి వచ్చి, సరుకు అమ్మించే అడ్తి దుకాణాల ముందు కూర్చుని కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి దుంపలు ఒక కుప్ప ఏరేది. వానలు పడగానే గుట్ట ఎక్కేది. పైన ఏడెనిమిది గుడిసెలు, గొర్ల మందలు, తాగడానికి ఒక చెలిమె. అదే వాళ్ళ ఊరు.

ఏరుతూ ఏరుతూ ఒక కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. టక్కుమంటే పక్కన పెట్టేది. మెత్తగా విరిగితే, "ఇంక రెండెండలు తాగాలె ఇది" అని రైతు మొహం మీదే చెప్పేది. రైతుకు ఒళ్ళు మండేది. అడ్తి సేటు మీసం దువ్వేవాడు. మరునాడు ఆ సేటే ఎండిన సరుకును పచ్చిదని దబాయిస్తే, ఆయన చెవి దగ్గరే కొమ్ము విరిచి, "చెవులల్ల పత్తి వెట్టుకున్నవా సేటూ" అనేది. అందుకే ఇద్దరూ ఆమెను తిట్టేవాళ్ళు, తగువొస్తే ఇద్దరూ ఆమెనే పిలిచేవాళ్ళు.

మోచేతుల దాకా పసుపు, గొంతు నిండా పసుపు దుమ్ము. వారానికొకసారి దగ్గుమందుకు వచ్చేది. "నీకు మందెందుకక్కా, పొద్దంత పసుపులనే ఉంటవు" అని నేను ఏడిపిస్తే, "పసుపు తినేటోళ్ళకు మందు, ఏరేటోళ్ళకు దగ్గు" అని సీసా లాక్కునేది. మంచి నోరు. ఆ నోటికి బజారులో జడవని వాడు లేడు. కానీ ఆ నోరు ఒక్క మాట దగ్గర మూతపడేది.

అది ఆమె పెనిమిటి పేరు. ఆ రోజుల్లో మొగుడి పేరు చెప్పే ఆడమనిషి ఎక్కడా లేదు, నిజమే. భార్య నోట పేరు వెలువడితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మా అమ్మకూ నమ్మకమే. ఈమెది అంతకు మించిన నిష్ఠ. అతని పేరు మల్లయ్య. కనుక ఆమెకు మల్లెపూలు లేవు, తెల్లపూలు ఉన్నాయి. మా వైపు మనుషులకు పూటకు వందసార్లు నోట్లో ఆడే, మళ్ళీ అనే అర్థమున్న "మల్ల" అనే మాటే ఆమెకు లేదు. "ఇంకోపారి వస్త" అనేది, "ఎన్కసిరి చెప్త" అనేది. పైగా వాళ్ళుండే గుట్టే మల్లన్న గుట్ట. దాన్ని "మా గుట్ట" అని సరిపెట్టేది.

ఒకసారి సేటు పందెం కాశాడు. "రైకగుడ్డ ఇస్త, ఒక్కపారి పేరు చెప్పు." చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

"రైక చినిగితే కుట్టుకోవచ్చు సేటూ. మనిషి చినిగితే ఎవలు కుడుతరు?" అంది తల ఎత్తకుండా.

ఆ మల్లయ్యను నేను మూడు నాలుగుసార్లు చూశాను. గొంగడి భుజాన వేసుకుని వచ్చి, బజారు మొదట్లోనే నిలబడేవాడు. పిలిచేవాడు కాదు. గొంతు సవరించుకునేవాడు. అంత గోలలోనూ ఆమెకు అది వినపడేది. చేటలోని కొమ్ములు కుప్పలో పోసి లేచేది. ఇద్దరూ మాట్లాడుకుంటూ నడవడం నేను చూడలేదు. ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనక.

మా డాక్టరు సాబు దూరం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మంచివాడు, పని రాక్షసుడు. కాగితం మీద లేనిది లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం. పల్లెలు తిరిగి సూదులు వెయ్యడానికి పనికొస్తుందని తహసీలు కచేరీ నుంచి ఈ గుట్టల ప్రాంతం నక్ష తెప్పించి మందుల గది గోడకు కొట్టించాడు. దాని నిండా గోధుమరంగు గీతలు, వంకర టింకర, ఒకదాన్నొకటి తాకకుండా. చదవడం ఆయనే నాకు నేర్పాడు. నేను దాన్ని చూసి చాలా గర్వపడేవాణ్ణి, ఏదో నేనే గీసినట్టు.

ఆమె దగ్గుమందుకు వచ్చినప్పుడు చూసింది. "ఏంది తమ్మీ గిది, బొటనేలు ముద్ర లెక్కున్నది?"

"మీ గుట్టలే అక్కా. గీతలు దగ్గర దగ్గరుంటే నిలువు ఎక్కుడు. దూరం దూరం ఉంటే సాపు."

"మా గుడిసెలేవి?"

లేవు. ఆకుల గుడిసెలు నక్ష గీసేవాళ్ళ లెక్కలోకి రాలేదు.

"మా చెలిమె?"

అదీ లేదు.

"గుడిసెల్లేవు, చెలిమె లేదు. గివి మా గుట్టలెట్లయితయి?" అని నవ్వి, బల్ల అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "నేను కాపురానికొచ్చిన కొత్తల గీతలు గీసేటోళ్ళు వచ్చిండ్రు. మూడు కాళ్ళ దుర్బిణి వెట్టిండ్రు. మొగోళ్ళంత మందల ఎంబడి పోయిండ్రు. గా దుర్బిణి సాబు నన్నే అడిగిండు, ఈ గుట్ట పేరేందని. నేనెట్ల జెప్త? ఇంకోపారి అడిగిండు. గుడ్లెర్రజేసిండు. నాకు బుగులైంది. పక్క గుట్ట పేరు జెప్పిన, గద్దల గుట్ట అని. రాసుకున్నడు. మరి గా అవతలిదేందన్నడు. నాకెర్కలేదన్న. గంతే, పెట్టె సదురుకొని పోయిండు."

మందుకోసం వచ్చినవాళ్ళంతా పకపక నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. "సర్కారునే మోసం జేసినవా అక్కా" అన్నాను. "వాళ్ళు ఏం రాసుకుంటే మాకేంది తమ్మీ. మాకెర్కే, మా గొర్లకెర్కే" అని సీసా తీసుకుని పోయింది.

నక్ష నా వెనకే గోడకు ఉంది. చెవి సందున పెన్సిలు ఉంది. తల తిప్పి రెండు పేర్లు చదివితే సరిపోయేది. సర్వేవాళ్ళు ఆమె చెప్పిన పేరు ఆమె గుట్టకే పెట్టారు. కచేరీ జాబితాలో మిగిలిన మల్లన్న గుట్ట పేరు, పేరులేని అవతలి గుట్టకు తగిలించారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం మంచి కత విన్నానని సంతోషపడి మందు కలుపుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళకో ఏమో, తొలకరిలోనే గత్తర వచ్చింది. ఇప్పటివాళ్ళు కలరా అంటారు. ఊరూరా పొలిమేరల్లో ముళ్ళకంప అడ్డం వేసుకున్నారు. చుట్టాన్నీ రానివ్వలేదు. మేము పగలంతా సూదులు వేసి, బావుల్లో ఎర్రమందు కలిపి, నిద్ర లేక తూలుతున్నాం.

ఒక పొద్దున జల్లు పడుతుండగా ఆమె వచ్చింది. మోకాళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చీకటి విడవకముందే గుట్ట దిగిందట.

"తమ్మీ, పైన గత్తరొచ్చింది. ఆరుగురు పన్నరు. మా ఇంటాయన నిన్న మాపటి నుంచి లేస్తలేడు. కడమోళ్ళు మందల ఎంబడి దూరం పోయిండ్రు. గొంతున్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలిన. జల్ది రాండ్రి."

డాక్టరు సాబు ఏ గుట్ట అని అడిగాడు. ఆమె పెదవులు బిగించి నా వైపు చూసింది. పేరు పలకాల్సి వచ్చినప్పుడు ఆడవాళ్ళు పక్కవాళ్ళ వైపు అలాగే చూస్తారు. నాకది తెలుసు కనుక దర్జాగా నేనే అందించాను, "మల్లన్న గుట్ట సాబ్" అని. ఆయన నక్ష దగ్గరికి పోయి వేలితో వెతికి, "మిల్ గయా, దొరికింది" అన్నాడు.

ఉప్పునీళ్ళు కాచి సీసాలకు పోసుకుని, గోడ మీది నక్ష ఊడదీసుకుని, బండి కట్టించేసరికి రెండు గంటలు పడుతుంది. ఆమె ఆగనంది. "ఆయినెకాడ ఎవలు లేరు. నేను అడ్డదారిన నడిచి పోత." గడప దాటి, మళ్ళీ ఆగింది. "దారి ఎర్కనా తమ్మీ మీకు?"

"సర్కారు నక్ష ఉన్నదక్కా. తప్పుండదు. ఫికర్ చెయ్యకు."

ఆమె ఒకసారి గోడ వైపు చూసింది, ఒకసారి నా మొహం చూసింది. తల ఊపి పోయింది.

గుట్టల కింది ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొలిమేరలో కంప వెనక కర్రలు పట్టుకుని పదిమంది నిలబడ్డారు. దారి చెప్పండని నేను అరిచాను. "ఏ దారి లేదు, ఎన్కకు పోండ్రి" అని మట్టిపెళ్ళలు విసిరారు. ఒకటి ఎద్దు మూతికి తగిలింది. బండి అక్కడే వదిలి, చేలకు అడ్డంపడి డాక్టరు సాబు, నేను, పెట్టె మోసే మనిషి నడిచాం. మబ్బు గుట్టల నడుములదాకా దిగి ఉంది. ఏ గుట్ట ఎంత ఉందో కనపడదు.

ఒకచోట బాట రెండుగా చీలింది. నక్ష ఎడమకు పొమ్మంది. కుడిబాటలో గొర్రెల పెంటికలు ఉన్నాయి, వానకు తడిసి ఇంకా కరగనివి. "సాబ్, గొర్లు ఇటు దిగినట్టున్నయి" అన్నాను.

"నక్ష మాట వినాలా, పెంటికల మాట వినాలా?" అన్నాడు ఆయన, నీళ్ళు కారుతున్న కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఎడమకు తిరిగాం.

ఆ గుట్ట నిలువు ఎక్కుడు. నల్లటి బండలు, నాచు. పెట్టెలో సీసాలు గలగలమన్నప్పుడల్లా డాక్టరు సాబు వెనక్కి తిరిగి చూసేవాడు. ఒక సీసా పగిలింది. ఎంత ఎక్కినా గుడిసె లేదు, పొగ లేదు, కుక్క మొరుగుడు లేదు. నేను నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఓ అని కేకేశాను.

దూరం నుంచి ఓ అని బదులొచ్చింది. ఆడగొంతు. మాకు ప్రాణం లేచొచ్చింది. పైనుంచే వచ్చిందనుకుని ఇంకా ఎక్కాం. మళ్ళీ కేకేశాను. ఈసారి గొంతు సన్నబడింది. బండల మధ్య కేక ఎటు నుంచి వస్తుందో తెలియదు, నాలుగు దిక్కులా తగిలి వస్తుంది. "గిటు రాండ్రి, గిటు" అంటోంది. ఎటు? మబ్బులో నా చెయ్యి నాకే కనపడటం లేదు. పోను పోను ఆ గొంతులో ఏడుపు చేరింది.

నేను గొంతు చించుకుని అరిచాను. "అక్కా, మేం మల్లన్న గుట్ట మీదనే ఉన్నం. నువ్వేడున్నవు?"

బదులు రాలేదు.

చాలాసేపు రాలేదు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డాక్టరు సాబు నక్ష విప్పి, చొక్కా అడ్డం పెట్టి, ఇదేనంటూ వేలు ఆనించాడు. ఆ వేలి కింద పేరు చదువుతుంటే నాకు తటాలున దుర్బిణి సాబు కత గుర్తుకొచ్చింది. నేను పగలబడి నవ్విన నవ్వు కూడా గుర్తుకొచ్చింది.

అప్పుడు వినపడింది. పసుపు బజారును గడగడలాడించిన గొంతే, కానీ అలా ఎప్పుడూ వినలేదు.

"మల్లన్న గుట్ట అది కాదు. గిది మల్లన్న గుట్ట. మా మల్లయ్య గుట్ట గిది. మల్లయ్య ఈడున్నడు. మల్లయ్యా..."

పేరు బండలన్నిటికీ తగిలి తిరిగింది. పెట్టె మోసే మనిషి చెవులు మూసుకున్నాడు. నేను కుడిబాట కోసం కిందికి ఉరికాను.

దిగి, తిరిగి ఎక్కి, పొద్దు గూట్లో పడే వేళకు గుడిసెలు చేరాం. మల్లయ్య మీద తలదాకా గొంగడి కప్పి ఉంది. ఆమె అతని దగ్గర లేదు. మూడో గుడిసె ముందు పొయ్యి ఊదుతూ నీళ్ళు కాస్తోంది. మమ్మల్ని చూసి, "ఆయినెను ఇడువుండ్రి. ముందు గా పిల్లను సూడుండ్రి" అని వేలితో చూపించింది. మిగిలిన ఐదుగురికీ ఉప్పునీళ్ళు ఎక్కించాం. ఆమె సీసా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గర నిలబడింది, చెయ్యి కదలకుండా. ఐదుగురూ బతికారు.

మరునాడు గుట్ట దిగుతూ డాక్టరు సాబు, "రెండు మూడు గంటల ముందు వస్తే అతను కూడా..." అని ఆపేశాడు. నక్షను మడిచి కచేరీకి తిప్పి పంపాడు. నాకు ముందే తెలుసునని ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమెతో అంతకంటే లేదు.

మరుసటి ఎండాకాలం ఆమె బజారుకు వచ్చింది. గాజుల్లేవు. చేతులకు పసుపు మాత్రం అలాగే ఉంది. నేను ఆ సందు తప్పించి తిరిగేవాణ్ణి. దగ్గుమందు వేరేవాళ్ళ చేత పంపించేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమే దవాఖానకు వచ్చి, ఎవరూ లేరని చూసి, అదే బల్ల అంచున కూర్చుంది.

"ఏం తమ్మీ, మొఖం సాటేసుకొని తిరుగుతున్నవు?"

ఇక దాచలేకపోయాను. "అక్కా, దుర్బిణి సాబు కత నువ్వు నాకు చెప్పినవు. ఆ దినం గుట్ట ఎక్కిందాక నాకు యాదికి రాలే. నక్ష కండ్లముందట వెట్టుకొని సుత యాదికి రాలే. తప్పు నాదే."

"నీకు యాదికి రాలే. నాకు వచ్చింది," అంది. "దవాఖాన మెట్లు దిగంగనే వచ్చింది. గా కాయితమేనా ఏందని ఆగిన. ఎన్కకు వచ్చి చెప్దామనుకున్న. తప్పుండదంటివి నువ్వు. సదువుకున్నోనివి. నాకేం ఎర్క అనుకొని పోయిన."

నేను తల వంచుకున్నాను. ఏడ్చాను కూడా, దాచుకోవడం దేనికి. "నన్ను తిట్టు అక్కా" అన్నాను.

"తిట్టిన. గీ ఏడాదంత రోజు తిట్టిన నిన్ను. నన్ను నేను సుత తిట్టుకున్న. ఇగ ఒడిసింది."

ఆమెకు ఏదో ఒక ఊరట చెప్పాలనిపించింది. "ఆయన పోయింది గత్తరతోటి అక్కా. నువ్వు పేరు చెప్పినందుకు కాదు. అదంత ఉత్త నమ్మకం. అది మనసుల వెట్టుకోకు."

"పేరు సంగతి నీకేం ఎర్క," అంది. కోపంగా కాదు. కొంగుతో అరచేతుల పసుపు తుడుచుకుంటూ, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "నేను గంత గట్టిగ ఒర్రింది మీ కోసం. ఆయిన గుడిసెల పండి విన్నడు. తనను పిలుస్తున్న అనుకున్నడు. పొద్దటి నుంచి మాట లేదు గా మనిషికి. నేను ఒర్రంగనే లోపటి నుంచే, 'ఆఁ, వస్తున్న' అన్నడు. లేవనీకె నేలకు చెయ్యి ఆనిచ్చిండు. నేను ఉరికి లోపలికి పోయేసరికి ఆ చెయ్యి గట్లనే ఆనిచ్చి ఉన్నది."

ఆమె మందు సీసా తీసుకుని లేచింది.

"ఇరవై ఏండ్లు బుగులువడి పిల్వకపోతి," అంది. "గంత మంచిగ పలుకుతడని ఎర్కుంటే, పెండ్లైన నాడే పిలుస్తుంటి తమ్మీ."